చెరువు అడుగు బురదలో పాత వానాకాలాలు

ఎండాకాలంలో చెరువు పూడిక తీసేటప్పుడు జేసీబీ కోసిన అంచును దగ్గరగా చూడండి. పైన జానెడు మందాన నల్లటి జిగట మట్టి, దాని కింద వేలెడంత ఇసుక, మళ్లీ నల్లమట్టి, ఎక్కడో ఒకచోట తెల్లటి నత్తగుల్లల చార కనిపిస్తాయి. ఆ ఇసుక పెద్ద వాన తెచ్చి పోసింది కావచ్చు. ఎగువన అడవి కొట్టేసినందువల్ల కొట్టుకొచ్చింది కావచ్చు. పైచెరువు కట్ట తెగి వచ్చిందీ కావచ్చు. మూడింట్లో ఏదో తేల్చడానికే ఇంత శాస్త్రం పుట్టింది.

భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడింది. వానను వర్షమాపకంతో దేశమంతా ఒక పద్ధతిలో కొలవడం మొదలై నూటయాభై ఏళ్లే అయిందన్నమాట. రుతుపవనాలు మారే తీరు దానికంటే చాలా పెద్ద కాలం మీద నడుస్తుంది. భూమి సూర్యుడికి అతి దగ్గరగా వచ్చే రోజు ఏడాదిలో కొంచెం కొంచెం జరుగుతూ, సుమారు 21 వేల ఏళ్లకు ఒక చుట్టు తిరుగుతుంది. ఇప్పుడా రోజు జనవరి మొదట్లో పడుతోంది. సుమారు 11 వేల ఏళ్ల కిందట అది మన వేసవిలో పడేది. అప్పటి వేసవి ఎండ ఇప్పటికంటే ఏడెనిమిది శాతం ఎక్కువ. నేలకూ సముద్రానికీ మధ్య వేడి తేడా పెరిగి నైరుతి గాలులు బలంగా వీయాలి. ఇదంతా లెక్క. ఆ లెక్క ప్రకారం వానలు నిజంగా పడ్డాయా, ఎప్పుడు తగ్గాయి, మెల్లగా తగ్గాయా లేక ఉన్నట్టుండి పడిపోయాయా అన్నది మాత్రం బురదను అడగాల్సిందే.

అయితే బురద వాన మిల్లీమీటర్లు చెప్పదు. వాన చెరువు మట్టాన్ని మారుస్తుంది, చుట్టూ ఉన్న గడ్డినీ చెట్లనూ మారుస్తుంది, మట్టిని కోసి తెస్తుంది. ఆ మార్పుల గుర్తులే అడుగున చేరతాయి. వానకూ గుర్తుకూ మధ్య ఉన్న ప్రతి మెట్టు మీదా ఇంకొకటి చెయ్యి పెట్టగలదు: మనిషి, మంట, సముద్రం, గాలిలోని కార్బన్ డయాక్సైడ్. ఈ రంగంలో చాలా పొరపాట్లు ఆ రెండో చెయ్యిని మరిచిపోవడం వల్లే జరుగుతాయి.

అందుకే ముందు చోటు ఎంచుకోవాలి. అలుగు ఉన్న చెరువు ఈ పనికి సగమే పనికొస్తుంది. వాన ఎంత ఎక్కువ పడినా మిగులు నీరు అలుగు దాటి పోతుంది, మట్టం అక్కడే ఆగుతుంది. ఉప్పూ పోతుంది. బయటికి దారి లేని గిన్నెలాంటి సరస్సులో నీరు పోవడానికి ఎండ ఒక్కటే మార్గం. వాన తగ్గితే నీళ్లు చిక్కబడతాయి, లవణాలు పేరుకుంటాయి, రసాయనం మారుతుంది. మన దక్కనులో అలాంటిది మహారాష్ట్ర బుల్ఢాణా జిల్లాలోని లోణార్. ఉల్క పడి బసాల్టు రాతిలో ఏర్పడ్డ గుంత అది, వ్యాసం సుమారు 1.8 కిలోమీటర్లు. నీటి పీహెచ్ 10 దగ్గర ఉంటుంది. 2020 జూన్‌లో ఆ నీళ్లు గులాబి రంగుకు తిరగడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. మట్టం తగ్గి ఉప్పదనం పెరిగినప్పుడు ఉప్పును ఇష్టపడే సూక్ష్మజీవులు విజృంభించడమే దానికి కారణం. నీటి మట్టం మారితే సరస్సు మొత్తం ఎలా స్పందిస్తుందో అందరి కళ్ల ముందూ జరిగింది.

కొల్లేరు సంగతి వేరు. బుడమేరు, తమ్మిలేరు లాంటి వాగుల నీళ్లు అందులోకి చేరతాయి, ఉప్పుటేరు వాటిని బంగాళాఖాతానికి తీసుకుపోతుంది. పైగా సుమారు 6 వేల ఏళ్ల కిందట సముద్రమట్టం పెరగడం ఆగి నిలకడకు వచ్చేనాటికి తీరం అక్కడే ఉండేది. తర్వాత కృష్ణా గోదావరులు ఒండ్రు పోసుకుంటూ తీరాన్ని ముందుకు నెట్టాయి. కాబట్టి కొల్లేటి కింది పొరల్లో ఉప్పునీటి జీవుల గుల్లలు కనిపిస్తే వాన తగ్గిందని కాదు, సముద్రం దగ్గరలో ఉందని అర్థం. కొల్లేరు డెల్టా చరిత్రకు గొప్ప సాక్షి, వానకు మాత్రం అంత నేరుగా పలికే సాక్షి కాదు. పై పొరలు చాలాచోట్ల చేపల చెరువుల గట్లుగా మారాయి. వాటి వరస చెదిరిపోయింది, దాన్ని ఎవరూ మళ్లీ పేర్చలేరు. ఇది తీరని నష్టం.

చోటు కుదిరాక కోర్ తీయాలి. అంటే పొరలు చెదరకుండా బురదను గొట్టంతో నిలువుగా బయటికి తేవాలి. తుంగ, జమ్ము పెరిగే చిత్తడి నేలల్లో రష్యన్ కోరర్ అనే పరికరం వాడతారు. అది 50 సెంటీమీటర్ల పొడవున్న అర గొట్టం, పక్కన రెక్కలాంటి రేకు ఉంటుంది. మూసిన వైపుతో లోపలికి దించి, అనుకున్న లోతు చేరాక 180 డిగ్రీలు తిప్పుతారు. రేకు కదలకుండా నిలబడితే అర గొట్టం బురదను కోసుకుంటూ తిరిగి మూసుకుంటుంది. దాని మొన కింది పొరను కొంత కలచివేస్తుంది కాబట్టి తర్వాతి 50 సెంటీమీటర్లు అదే రంధ్రంలోంచి తీయకూడదు. అర మీటరు పక్కన రెండో రంధ్రం పెట్టి, ఒకదాని తర్వాత ఒకటిగా, కొంత మేర ఒకదానిపై ఒకటి వచ్చేలా తీయాలి. నీళ్లున్న సరస్సులో రెండు పడవలను కలిపి కట్టి, మూడు నాలుగు వైపులా లంగర్లు వేసి, పిస్టన్ ఉన్న కోరర్ దించుతారు. లోపల పిస్టన్ పీల్చి పట్టుకోకపోతే మెత్తటి బురద గొట్టంలోకి ఎక్కకుండా పక్కకు జారిపోతుంది. మీటరు దించితే 80 సెంటీమీటర్లే వస్తుంది. ఆ తేడాను అక్కడికక్కడే పుస్తకంలో రాయాలి. రాయకపోతే తర్వాత లోతులన్నీ తప్పవుతాయి.

కోర్‌ను నిలువుగా చీల్చిన మొదటి నిమిషాలు చాలా విలువైనవి. గాలి తగలని బురద నల్లగా, కుళ్లిన గుడ్డు వాసనతో ఉంటుంది. ఇనుప సల్ఫైడ్ గీతలు సన్నగా, స్పష్టంగా కనిపిస్తాయి. చూస్తుండగానే అవి గోధుమ రంగులోకి కరిగిపోతాయి. అందుకే చీల్చగానే స్కేలు పెట్టి ఫోటో తీసి, రంగు పట్టికతో పోల్చి రాసుకోవాలి. తర్వాత పలచటి ప్లాస్టిక్ చుట్టి, పై కొస ఏదో కింది కొస ఏదో చెరగని సిరాతో గుర్తు పెట్టి, 4 డిగ్రీల చలిలో ఉంచాలి. ఒక ముక్క తలకిందులైతే చరిత్రలో ఆ ముక్క తలకిందులే.

ఇక వయసు కట్టడం. నా దృష్టిలో మొత్తం పనిలో కష్టమైనదీ, అందరూ తొందరపడేదీ ఇదే. రేడియోకార్బన్‌కు ఆధారం చాలా సులువు: జీవి చనిపోయాక దానిలోని కార్బన్-14 ప్రతి 5,730 ఏళ్లకు సగమవుతుంది. కార్బన్-14 పరమాణువులను నేరుగా లెక్కించే యాక్సిలరేటర్ పద్ధతిలో ఒక మిల్లీగ్రాము కార్బన్ సరిపోతుంది, అంటే ఒక గింజ, చిన్న బొగ్గు ముక్క. చిక్కంతా ఆ కార్బన్ ఎక్కడిది అన్న దగ్గరే. సున్నపురాతి నేలలో నీళ్లు రాతిలోని పాత కార్బన్‌ను కరిగించి తెస్తాయి. అందులో పెరిగిన నాచూ నత్తలూ ఆ కార్బన్‌నే ఒంట్లో కలుపుకుంటాయి. నమూనాలో 10 శాతం అలాంటి మృత కార్బన్ ఉంటే వయసు సుమారు 850 ఏళ్లు ఎక్కువగా వస్తుంది, 20 శాతం ఉంటే దాదాపు 1,800 ఏళ్లు. తుంగ వేళ్లు మీటరు లోతుకు దిగి అక్కడ చస్తే వయసు తక్కువగా వస్తుంది. రేగడి నేల ఎండి పగుళ్లిచ్చినప్పుడు పైమట్టి, గింజలు, బొగ్గు ఆ నెర్రెల్లో జారి అడుగుకు పోతాయి. తొలకరికి నెర్రె మూసుకున్నాక అక్కడ నెర్రె ఉండేదని కంటికి తెలియదు. నల్లరేగడి ప్రాంతాల చెరువుల్లో వయసులు తారుమారు కావడానికి ఇదొక ముఖ్య కారణం. బురదను గంపగుత్తగా పంపే కన్నా నేల మీద పెరిగిన మొక్కల గింజలనూ ఆకు ముక్కలనూ సూక్ష్మదర్శిని కింద ఏరి పంపడం మేలు. వాటి కార్బన్ గాలిలోంచే వచ్చి ఉంటుంది.

ప్రయోగశాల ఇచ్చిన అంకె కూడా క్యాలెండరు ఏడాది కాదు. గాలిలో కార్బన్-14 పాలు కాలంతో మారింది కాబట్టి, చెట్ల వలయాల వంటివాటితో కట్టిన పట్టికతో సరిచూడాలి. ఇప్పుడు ఉత్తరార్ధగోళానికి వాడేది 2020లో వచ్చింది. ఈ లెక్కల్లో ‘ఇప్పుడు’ అంటే 1950. పై 100, 150 ఏళ్ల పొరకు రేడియోధార్మిక సీసం-210, 1963 నాటి అణుపరీక్షల గుర్తుకు సీజియం-137, మొక్కల అవశేషాలు లేని ఇసుక పొరకు, ఇసుక రేణువు ఆఖరిసారి ఎండ చూసి ఎంతకాలమైందో చెప్పే కాంతి ఆధారిత పద్ధతి వాడతారు.

ఒక చిన్న లెక్క చూద్దాం. 100 సెంటీమీటర్ల దగ్గర వయసు 2,000 ఏళ్లు, 200 దగ్గర 5,000 ఏళ్లు అనుకోండి. మధ్యలో ఒక్కో సెంటీమీటరుకు 30 ఏళ్లు. మనం సెంటీమీటరు మందాన ఒక నమూనా తీస్తే అందులో 30 వానాకాలాలు కలిసిపోయి ఉంటాయి. లక్షల ప్రాణాలు తీసిన 1876–78 నాటి ధాత కరువు లాంటిది ఆ కోర్‌లో అసలు కనిపించకపోవచ్చు. కనిపించాలంటే లోటు తరాలపాటు సాగాలి. ఆ రెండు వయసుల మధ్య బురద ఒకే వేగంతో పడిందన్నది కూడా మన ఊహే. వీలైనన్ని ఎక్కువ చోట్ల వయసు కట్టడం ఒక్కటే దానికి మందు.

వయసు కుదిరాక బురదను చదవాలి. అన్నిటికంటే చవకైనది కాల్చి తూచడం. నమూనాను 105 డిగ్రీల దగ్గర రాత్రంతా ఆరబెట్టి తూచాలి, 550 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు కాల్చి తూచాలి, మళ్లీ 950 దగ్గర రెండు గంటలు. రెండో తూకంలో తగ్గింది సేంద్రియ పదార్థం, మూడోదానిలో తగ్గింది కార్బొనేట్ల నుంచి పోయిన కార్బన్ డయాక్సైడ్. ఆ తరుగును 2.27తో హెచ్చిస్తే కాల్షియం కార్బొనేట్ బరువు వస్తుంది. బంకమట్టి ఎక్కువున్న నమూనాలో మట్టి రేణువుల లోపలి నీరు కూడా 550 దగ్గర కొంత పోతుంది, సేంద్రియం ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. నల్లరేగడికి ఈ జాగ్రత్త తప్పదు.

చుట్టూ ఏ మొక్కలుండేవో చెప్పే పుప్పొడి పని ఓపికది, ప్రమాదకరమైనదీ. రెండు ఘన సెంటీమీటర్ల బురద తీసుకుని, పోల్చి లెక్కించడానికి, ఎన్నున్నాయో ముందే తెలిసిన లైకోపోడియం అనే మొక్క బీజాల బిళ్ల అందులో వేస్తారు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో సున్నం, పొటాషియం హైడ్రాక్సైడ్‌తో కుళ్లిన సేంద్రియం, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో ఇసుక, బంక పోతాయి. హైడ్రోఫ్లోరిక్ గాజును కూడా తినేస్తుంది, అందుకే ప్లాస్టిక్ గొట్టాలే వాడాలి. చర్మం మీద పడితే మొదట నొప్పి తెలియకుండానే ఎముక దాకా పోతుంది. కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందేంత దగ్గర లేకుండా ఆ సీసా తెరవకూడదు. ఆఖర్న అసిటిక్ ఆన్‌హైడ్రైడ్ తొమ్మిది పాళ్లు, సల్ఫ్యూరిక్ ఆమ్లం ఒక పాలు కలిపి వేడిచేస్తారు. దానికి ముందు గ్లేషియల్ అసిటిక్ ఆమ్లంతో కడిగి నీటి తడి పూర్తిగా పోగొట్టకపోతే గొట్టం చిమ్ముతుంది. మిగిలినదాన్ని గ్లిజరిన్‌లో పెట్టి కనీసం 300 పుప్పొడి రేణువులు లెక్కిస్తారు. 300 రేణువులు లెక్కించేలోగా 100 లైకోపోడియం బీజాలు కనిపించి, మనం వేసినవి 10 వేలైతే, రెండు ఘన సెంటీమీటర్లలో 30 వేలు, అంటే ఒక్కోదానిలో 15 వేల రేణువులు ఉన్నట్టు.

పుప్పొడి అడవి జనాభా లెక్క కాదు. గాలితో పరాగసంపర్కం జరిగే గడ్డి కుప్పలుగా రాలుస్తుంది. పూలకు పిట్టలనూ పురుగులనూ పిలుచుకునే మోదుగ, బూరుగు లాంటి చెట్లు ఊరి నిండా ఉన్నా బురదలో నాలుగు రేణువులే వదులుతాయి. దేవదారు జాతుల రేణువులు గాలికి వందల కిలోమీటర్లు వస్తాయి. గడ్డిజాతి రేణువులన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి: దర్భ, సజ్జ, వరి తేడా చెప్పడం చాలా కష్టం. గడ్డి పెరిగిందంటే వాన తగ్గి అడవి పలచబడిందా, జనం నరికి సాగు చేశారా? పక్కనే బొగ్గు రేణువులు కూడా పెరిగితే రెండోదానివైపు చూడాలి. ఇప్పటి అడవిలో, పొలంలో, గట్టు మీద నేల పైమట్టి తీసి, ఏ మొక్కలున్న చోట ఏ పుప్పొడి ఎంత పడుతోందో ముందు కొలిచి పెట్టుకోవడం ఇందుకే.

కార్బన్ ఐసోటోపులు, అంటే బరువులో తేడా ఉన్న కార్బన్ పరమాణువులు, ఇంకో దారి. చెట్లు, చలిప్రాంతపు గడ్డి వాడే కిరణజన్య సంయోగక్రియలో కార్బన్-13 విలువ (ఒక ప్రమాణ నమూనాతో పోలిస్తే వెయ్యింట ఎంత తేడానో చెప్పే అంకె) సగటున మైనస్ 27 పర్ మిల్ దగ్గర ఉంటుంది. జొన్న, సజ్జ లాంటి వేడిని తట్టుకునే గడ్డిజాతుల్లో మైనస్ 13 దగ్గర. బురదలోని సేంద్రియం మైనస్ 20 చూపిస్తే రెండూ సగం సగం అని మొదటి అంచనా. కొలిచే ముందు ఆమ్లంతో సున్నాన్ని పూర్తిగా తీసేయాలి, లేదంటే అంకె పైకి జరుగుతుంది. సరస్సులోని నాచు కూడా లెక్కను కలుషితం చేస్తుంది. కార్బన్, నైట్రోజన్ నిష్పత్తి పదిలోపు ఉంటే నాచు పాలు ఎక్కువ, ఇరవై దాటితే నేల మొక్కలది ఎక్కువ. నీలగిరుల్లో ఊటీ దగ్గరి శాండినల్లా పీట్ (చిత్తడిలో సగం కుళ్లి పేరుకున్న మొక్కల పొర) మీద ఈ పద్ధతితో 1993లోనే 20 వేల ఏళ్ల కథ చదివారు. మంచుయుగపు పొరల్లో వేడి గడ్డిజాతులు పెరిగినట్టు ఉంది. దాన్ని ఎండు వాతావరణంగా చదవవచ్చు. కానీ అప్పుడు గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షలకు 190 పాళ్లే ఉండేది, పరిశ్రమలకు ముందు నాటి 280తో పోలిస్తే బాగా తక్కువ. అలాంటి గాలిలో వాన తగ్గకపోయినా ఈ గడ్డిజాతులదే పైచేయి అవుతుంది. రెండింటినీ విడదీయకుండా ‘కరువు’ అనడం తొందరపాటు.

లోణార్ కోర్ సుమారు 10 మీటర్లు, 11 వేల ఏళ్లు. దాని మీద 2014లో వచ్చిన పరిశోధన రెండు దీర్ఘ కరువు కాలాలు చూపింది: సుమారు 4,600 నుంచి 3,900 ఏళ్ల కిందటి వరకు ఒకటి, 2,000 నుంచి 600 ఏళ్ల కిందటి వరకు ఇంకొకటి. ఆ పొరల్లో గేలూసైట్ అనే సోడియం కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలు దొరికాయి. నీళ్లు బాగా ఇగిరి లవణాలు చిక్కబడితే తప్ప అవి కట్టవు. నాకు ఈ ఆధారం నచ్చుతుంది, ఎందుకంటే మొక్కలు, మనుషులు, గాలిలో కార్బన్ ఏవీ ఇందులో వేలు పెట్టలేవు. ఒక్క షరతు ఉంది: స్ఫటికం బురద లోపలే తర్వాత పెరిగి ఉండవచ్చు, అప్పుడది తానున్న పొర కంటే వయసులో చిన్నది. పొడిగాలికి అది నీటిని వదిలి పొడి పొడి అయిపోతుంది, మంచినీళ్లు తగిలితే విడిపోతుంది కాబట్టి కోర్‌ను కడగడం, ఆరబెట్టడం రెండూ ప్రమాదమే.

ఇదే కథను గోదావరి ఇంకో రకంగా చెప్పింది. నది తెచ్చిన ఒండ్రులో చెట్ల ఆకుల మీది మైనం అణువులు ఉంటాయి, అవి వేల ఏళ్లు చెడవు. గోదావరి నోటికి ఎదురుగా సముద్రం అడుగున తీసిన కోర్‌లో ఆ మైనపు కార్బన్ ఐసోటోపులు కొలిస్తే, సుమారు 4,000 నుంచి 1,700 ఏళ్ల కిందటి మధ్య పరీవాహకం మెట్లు మెట్లుగా ఎండిన నేలల మొక్కలవైపు జరిగినట్టు 2012లో తేలింది. ఒక సరస్సు చుట్టుపక్కల కొండలను చెబితే, నది దక్కనులో పెద్ద భాగాన్ని కలిపి సగటు చెబుతుంది. కానీ మైనం చెట్టు నుంచి సముద్రానికి వెంటనే పోదు. నేలలో వందల ఏళ్లు ఆగి కొట్టుకొస్తుంది, గుర్తు ఆ మేరకు ఆలస్యంగా పడుతుంది. కాబట్టి లోణార్ తేదీకీ గోదావరి తేదీకీ కొన్ని వందల ఏళ్ల తేడా ఉంటే రెండిట్లో ఒకటి తప్పనుకోనక్కర్లేదు.

ఉత్తరాదికి పోతే తేడాలు మరీ పెద్దవి. రాజస్థాన్‌లోని లూణ్‌కరణ్‌సర్ సుమారు 5,500 ఏళ్ల కిందటే ఎండిపోయింది, హరప్పా నగరాలు ఉచ్ఛదశకు చేరడానికి ముందే. హర్యానాలోని కోట్లా దహర్‌లో నత్తగుల్లల్లో బరువైన ఆక్సిజన్ ఐసోటోపు పాలు మాత్రం 4,100 ఏళ్ల దగ్గర ఒక్కసారిగా పైకి లేచింది, అంటే నీళ్లు ఇగరడం పెరిగింది. ఒకే రుతుపవనం కింద ఉన్న రెండు సరస్సులకు ఇన్ని శతాబ్దాల తేడా ఎందుకు? లోతు తక్కువైన గిన్నె, ఎడారి అంచున ఉన్నది, ముందే ఎండుతుంది. వాన పది శాతం తగ్గితే ఒక సరస్సు ఖాళీ అవుతుంది, ఇంకోటి అరమీటరు దిగి నిలబడుతుంది. ఎడారి సరస్సుల్లో శీతకాలపు వానల పాలు కూడా ఉంటుంది. అన్ని వక్రరేఖలనూ లాగి, చాలా ప్రాంతాల్లో ఒకేసారి కరువు వచ్చిందని చెప్పే 4,200 ఏళ్ల గీత మీదికి తెచ్చే అలవాటు ఇక్కడే నష్టం చేస్తుంది.

ఇంకో చిక్కు ఉంది, అది పరికరాలతో తీరేది కాదు. సరస్సు పూర్తిగా ఎండితే కొత్త బురద పడదు. పైగా గాలి పైపొరను ఎత్తుకుపోతుంది. అంటే అన్నిటికంటే ఘోరమైన కరువుకు కోర్‌లో పొరే ఉండదు. ఉండేది పైదానికీ కిందిదానికీ మధ్య ఒక గీత. కింది మట్టిలో నెర్రెలు, వాటిలో పైరంగు మట్టి, చిన్న సున్నపు గుళికలు, తుప్పు రంగు వేరు జాడలు, పగిలి అరిగిన పుప్పొడి దాన్ని పట్టిస్తాయి. ఆ గీతకు పైనా కిందా, రెండు మూడు సెంటీమీటర్ల లోపు, ఒక్కో వయసు కట్టి చూడాలి. రెండు వయసులకూ వెయ్యేళ్ల తేడా వస్తే, కంప్యూటరు ఆ ఖాళీని కనపడనివ్వకుండా గీసిన నున్నటి రేఖను పక్కన పెట్టి, అక్కడ వెయ్యేళ్లు లేవని గ్రాఫు మీద తెల్లగా వదిలేయాలి.